రెండు గదులు, ఐదు లక్షలు, ఏ పుస్తకాలు?

పాఠకుల ప్రశ్నలు – లైబ్రేరియన్ జవాబులు

పోయిన నెల "మీ ఊళ్ళో లైబ్రరీ పెట్టాలనుకుంటే రాయండి" అని చివర్లో ఒక ముక్క రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఎక్కువమంది పిల్లల పుస్తకాల గురించే అడిగారు, వాళ్ళకు వచ్చే నెల చెబుతాను. ఈసారి వేరే రకం ఉత్తరాలు తీశాను. ఒక ప్రాంతపు మనుషుల మీద, వాళ్ళ తెగలు, కులాలు, జాతరలు, భూములు, అప్పుల మీద పరిశోధన చేసేవాళ్ళకు పనికొచ్చే లైబ్రరీ ఎలా కట్టాలని అడిగినవి. ముప్పై రెండేళ్ళు యూనివర్సిటీ లైబ్రరీలో సోషల్ సైన్సెస్ సెక్షన్‌లో కూర్చున్నదాన్ని. ఈ మాట ఎత్తితే నన్ను ఆపడం మా ఇంట్లోవాళ్ళ వల్లే కాదు. పాపం, ఎడిటర్ గారు రెండు పేజీలు అదనంగా ఇచ్చారు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఉట్నూరు దగ్గర డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. మా గోండు, కొలాం పిల్లలు పీజీకి వెళ్ళి తమ వాళ్ళ మీదే ప్రాజెక్టు రాయాలన్నా రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళాల్సి వస్తోంది. ఇక్కడి యువజన సంఘం రెండు గదులు ఇస్తామంది. మా పూర్వ విద్యార్థి ఒకరు ఐదు లక్షలు ఇస్తున్నారు. ఒక పుస్తకాల సప్లయర్ లిస్టు తయారు చేసి ఇచ్చాడు, జతచేస్తున్నాను. ఇందులో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?
– ఒక లెక్చరర్, ఉట్నూరు

జవాబు: మాస్టారూ, లిస్టు రెండుసార్లు చదివాను. 412 పుస్తకాలున్నాయి. వాటిలో మీ జిల్లా మాట ఉన్నవి ఆరు. మిగతావన్నీ ఏ డిగ్రీ కాలేజీ లైబ్రరీలోనైనా ఉండే పాఠ్యపుస్తకాలు. అవి కావాలంటే మీ కాలేజీ వాళ్ళు కొంటారు. మీరు ఆ లిస్టు పక్కన పెట్టేయండి.

లిస్టులో మొదటి పుస్తకం థర్‌స్టన్ గారి ఏడు సంపుటాలు. 1909లో మద్రాసు నుంచి వచ్చాయి. దక్షిణాది కులాలూ తెగలూ అనగానే అందరి నోటా వచ్చే పేరు అదే కాబట్టి సప్లయర్ మొదటి వరసలో వేశాడు. కానీ థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. ఆయనా, ఆయన సహాయకుడు రంగాచారీ తిరిగింది ముఖ్యంగా మద్రాసు ప్రెసిడెన్సీలో. మీ ఆదిలాబాద్ అప్పట్లో నిజాం రాజ్యం. మీకు ముందు కావలసింది సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద వేసిన పుస్తకం. దాని పక్కన రస్సెల్, హీరాలాల్ 1916లో సెంట్రల్ ప్రావిన్సెస్ (ఇప్పటి మధ్యప్రదేశ్, విదర్భ వైపు) మీద తెచ్చిన నాలుగు సంపుటాలు. ఎందుకంటే గోండులు జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోరు కదా. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న కిన్వట్, రాజూరా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేవి. 2016లో ఆ జిల్లా కూడా నాలుగైంది. మీ లైబ్రరీకి హద్దు గీసేటప్పుడు కలెక్టరాఫీసు మ్యాపు పెట్టుకోకండి. ఏ ఊరి పిల్లను ఏ ఊరికి ఇస్తారో, ఏ ఊరివాళ్ళు కేస్లాపూర్ నాగోబా జాతరకు వస్తారో అదే మీ మ్యాపు. అంటే మరాఠీ పుస్తకాలూ కావాలి. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి కాబట్టి ఉర్దూ చదవగలిగిన ఒక పెద్దాయన్ని వారానికో పూట రమ్మని బతిమాలుకోవాలి. హైదరాబాద్‌లోనే అలాంటివాళ్ళు తగ్గిపోతున్నారు, త్వరగా వెతకండి.

హైమెన్‌డార్ఫ్ పుస్తకాలు ఎలాగూ తీసుకుంటారు. గోండుల మధ్య ఉండి వాళ్ళ మీద రాసిన ఆంత్రోపాలజిస్టు ఆయన. మార్లవాయిలో ఆయన సమాధి, ఆయన భార్య బెట్టీ గారి సమాధి చూసి పెరిగిన పిల్లలకు ఆయన రాసింది దొరకాలి. ఆదిలాబాద్ రాజగోండుల మీది పుస్తకం 1948లో వచ్చింది, మళ్ళీ 1979లో ఆంధ్రప్రదేశ్ గోండుల మీద ఇంకొకటి రాశారు. రెండూ పక్కపక్కన పెట్టండి. ముప్పై ఏళ్ళలో భూమి ఎలా చేయి జారిందో పిల్లలకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక డబ్బు సంగతి. నా లెక్క ఇది, నచ్చకపోతే మార్చుకోండి. గోండి, వీలైతే కొలామీ కూడా వచ్చిన ఒక కుర్రాణ్ణో అమ్మాయినో నెలకు పది వేలకు సగం పూట పనికి పెట్టుకోండి. రెండేళ్ళకు రెండు లక్షల నలభై వేలు. ర్యాకులకు అరవై వేలు. కంప్యూటరు, స్కానరుకు డెబ్భై వేలు. తిరగడానికి ముప్పై వేలు. మిగిలిన లక్షలో పుస్తకాలు, జిరాక్సులు, బైండింగు. మీ దాత గారు ఉలిక్కిపడతారు, "పుస్తకాల కోసం ఇచ్చాను, జీతం కోసం కాదు" అంటారు. అందరూ అంటారు. పుస్తకాలకు డబ్బిచ్చేవాళ్ళు దొరుకుతారు, బీరువా మీద పేరు రాయించుకోవచ్చు. జీతం మీద పేరు రాయలేం కదా. అయినా పట్టుబట్టండి. మనిషి లేని లైబ్రరీ మూడో నెల నుంచి సంఘం కుర్చీలు, మైకు సెట్టు దాచుకునే గోదాం అవుతుంది. నేను చూసినవి ఒకటీ రెండూ కాదు.

ఆ మనిషి చేత మొదటి మూడు నెలలు ఒక్క పుస్తకమూ కొనిపించకండి. లిస్టు రాయించండి. మీ ప్రాంతం మీద ఏ కాగితం ఎక్కడుంది అని. హైదరాబాద్ మాసబ్ ట్యాంకులో గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ లైబ్రరీ, తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్, అఫ్జల్‌గంజ్‌లో 1891లో అసఫియాగా మొదలైన పెద్ద లైబ్రరీ, యూనివర్సిటీల్లో ఆంత్రోపాలజీ, సోషియాలజీ డిపార్టుమెంట్లు. పీహెచ్‌డీ థీసిస్‌లు చాలావరకు ఆన్‌లైన్ భాండారం శోధ్‌గంగలో దొరుకుతాయి. ఎంఫిల్, ఎంఏ డిసర్టేషన్లు అక్కడ దొరకడం తక్కువ, డిపార్టుమెంటు స్టోర్‌రూంలో తాడు కట్టి పడేసి ఉంటాయి. ఇంద్రవెల్లి సంత మీద ఒక ఎంఏ కుర్రాడు నలభై రోజులు కూర్చుని రాసింది ఆ తాడు కింద ఉంటుంది, ఎవరికి తెలుసు? దుమ్ముకు తుమ్మకుండా వెతకగలిగినవాళ్ళను పంపండి.

1961 జనాభా లెక్కలప్పుడు దేశమంతటా ఐదు వందల ఊళ్ళ దాకా ఎంచుకుని ఒక్కో ఊరి మీద ఒక్కో పుస్తకం వేశారు. ఇంటి ప్లాను, వంటపాత్రలు, నగలు, పెళ్ళి ఖర్చు, ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నదాకా ఉంటాయి. జాతరల మీద జిల్లాకో సంపుటం వేరే ఉంది. అప్పట్లో కొద్ది రూపాయలు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం వీటిని తూకానికి అమ్ముతుంటే చూశాను, కిలో లెక్కన. నా దగ్గర ఉన్నవి ఆటో డబ్బులతో సహా అన్నీ ఇచ్చేసి ఇంటికి నడిచొచ్చాను. మా ఆయన ఇప్పటికీ ఆ కథ చుట్టాలకు చెబుతారు.

ఇంతవరకూ చెప్పింది వేరేవాళ్ళ దగ్గర ఉన్నదాన్ని తెచ్చుకోవడం. అసలు పని మీ గుమ్మం ముందే ఉంది. నాగోబా జాతరకు వేసే కరపత్రం, ఆ జాతర జరిపే మెస్రం వంశం వాళ్ళ సభల నోటీసు, దండారి పండగ రోజుల్లో గుస్సాడీ నాట్య బృందాల ఆహ్వానాలు, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) దర్బారులో ఇచ్చిన అర్జీల నకళ్ళు, గ్రామసభ తీర్మానాలు, పోడు పట్టాల కోసం 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న క్లెయిము ఫారాలు, "1 ఆఫ్ 70" (గిరిజన ప్రాంతాల భూమి ఇతరుల చేతికి పోకూడదన్న చట్టం) కేసుల తీర్పులు, 2012లో కవ్వాల్‌ను టైగర్ రిజర్వు చేశాక వచ్చిన ఉత్తర్వులు, పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్ళ గుర్తుగా కట్టిన ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఏటా ఏప్రిల్ 20న పంచే కాగితాలు. వీటిని ఏ యూనివర్సిటీ కొనదు, ఎందుకంటే ఎవరూ అమ్మరు. పొద్దున పంచుతారు, సాయంత్రానికి మిర్చి బజ్జీ పొట్లం. అట్ట పెట్టెలు కొనండి, పెట్టెకు ఒక విషయం, కాగితం మీద తేదీ, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు అని పెన్సిల్‌తో రాయించండి. లైబ్రరీకి వచ్చినవి నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్‌లో పుస్తకంతో సమానంగా దానికీ ఒక నంబరు వేయండి. ఇరవై ఏళ్ళ తరువాత లండన్ నుంచో ఢిల్లీ నుంచో ఒక స్కాలరు ఉట్నూరు బస్సెక్కి మీ దగ్గరికి వస్తే, వచ్చేది ఈ పెట్టెల కోసమే.

ఇంకొక్క మాట. గుంజాల ఊళ్ళో దొరికిన గోండి లిపి 2018లో, కంప్యూటర్లు లిపులను గుర్తుపట్టే ప్రమాణమైన యూనికోడ్‌కు ఎక్కింది. కాబట్టి కంప్యూటర్ కేటలాగులో పేర్లు గోండి లిపిలో కూడా ఎక్కించవచ్చు. కోహా అని లైబ్రరీలకు ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ కోసం పుట్టింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. దాంట్లో మొదలుపెట్టండి. మొదటి ఏడాది ఎక్సెల్‌లో రాసుకున్నా కొంప మునిగేదేం లేదు.

ప్రశ్న: అమ్మా, మా నాన్నగారు సోషియాలజీ ప్రొఫెసరుగా రిటైరై పోయిన ఏడాది కాలం చేశారు. నాలుగు వేల పుస్తకాలున్నాయి. ఏదైనా లైబ్రరీకి ఇద్దామనుకుంటున్నాం. ఆయన పేరుతో విడిగా ఒక గది, పుస్తకాలు విడదీయకుండా ఉంచాలి అని షరతు పెట్టాం. మూడు చోట్ల కాదన్నారు. పెద్దాయన జ్ఞాపకానికి ఈమాత్రం గౌరవం ఇవ్వలేరా?
– ఒక కుమార్తె, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ మూడు లైబ్రరీల వాళ్ళూ మంచివాళ్ళు. కాదు అని చెప్పారు. నేను ఒకసారి సరే అన్నాను.

అది తొంభైలలో. ఒక పెద్ద ఆంత్రోపాలజిస్టు ఇంటి నుంచి మూడు లారీల పుస్తకాలు వచ్చాయి. విడిగా ఉంచుతామని ఒప్పుకున్నాం కదా, గది దొరికేదాకా వరండాలో కట్టలు కట్టి పెట్టాం. గది ఆరేళ్ళు దొరకలేదు. ఒక వర్షాకాలం చెదలు పట్టాయి. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే హడావిడిగా కట్టలు విప్పించి, "మంచి పుస్తకాలు లోపల పెట్టండి, పాడైనవీ చిత్తు కాగితాలూ తీసేయండి" అని మా అటెండర్లకు చెప్పి మీటింగుకు వెళ్ళిపోయాను. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే చేశారు. అచ్చు పుస్తకాలు లోపల పెట్టారు. చేతిరాత నోటుబుక్కులు పాత కాగితాలవాడికి ఇచ్చేశారు. ఇరవై ఏడు లాంగ్ నోటుబుక్కులు, ఆయన నల్లమలలో చెంచు పెంటల్లో, అంటే వాళ్ళ చిన్న గూడేల్లో, తిరిగి రాసుకున్నవి. ఏ పెంటలో ఎన్ని గుడిసెలు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ నెలలో ఏ దుంప తవ్వుతారు. ఇరవై ఏడు అని నాకెలా తెలుసంటే, ఆయన అట్టల మీద నంబర్లు వేసుకున్నారు, ఒక్క 14వ నంబరు అట్ట మాత్రం లేచిపోయి కింద మిగిలింది. లోపల పెట్టిన పుస్తకాలు చూస్తే వాటిలో తొంభై శాతం మా లైబ్రరీలో అప్పటికే ఉన్నవే. తప్పు అటెండర్లది కాదు, నాది. మంచి పుస్తకం అంటే ఏమిటో నేను వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు.

అందుకని మీకు చెప్పేది ఏమిటంటే, నాలుగు వేల పుస్తకాల సంగతి తరువాత. ముందు నాన్నగారి బీరువా కింది అర తెరవండి. నోటుబుక్కులు, ఇంటర్వ్యూ ఫారాలు, వంశవృక్షాలు గీసిన కాగితాలు, ఫొటోలు, నెగెటివ్‌లు, క్యాసెట్లు, ఉత్తరాలు. ఇవి విడిగా తీసి, ఇవి మాత్రం ఒకేచోట, ఆయన పేరుతోనే ఉండాలని అడగండి. ఆ షరతు న్యాయమైనది, ఏ లైబ్రరీ అయినా ఒప్పుకుంటుంది, ఒప్పుకోకపోతే ఇవ్వకండి. అచ్చు పుస్తకాలకు మాత్రం షరతు వదిలేయండి. లైబ్రరీలో ఉన్నవి మళ్ళీ తీసుకోం, లేనివి తీసుకుంటాం, మిగిలినవి వేరే కాలేజీలకు పంపుతాం అంటే సరేననండి. ప్రతి పుస్తకంలో ఆయన పేరుతో స్టిక్కర్ అంటిస్తారు. పుస్తకాల మార్జిన్లలో ఆయన రాసుకున్నవి ఉంటే అవి వేరే కుప్ప పెట్టి ఆ సంగతి చెప్పండి. లిస్టు రాసి పంపండి. లిస్టు లేకుండా లారీ పంపే దాతను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షన్.

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో లైబ్రరీ సైన్స్ చదువుతున్నాను. క్లాసిఫికేషన్ ప్రాక్టికల్స్‌లో ఒక ప్రాంతపు ఆంత్రోపాలజీ కలెక్షన్‌కు పుస్తకాలను విషయాల వారీగా నంబర్లు వేసి పేర్చే పద్ధతుల్లో డ్యూయీ వాడాలా, మన రంగనాథన్ గారి కోలన్ వాడాలా అన్న ప్రశ్న వచ్చింది. మీరైతే ఏది వాడతారు?

జవాబు: డ్యూయీ. పరీక్షలో మాత్రం రెండిటి గురించీ రాయమ్మా, మార్కులు పోతాయి.

రంగనాథన్ గారంటే నాకు భక్తి. 1933లోనే విషయం, చోటు, కాలం విడివిడిగా పేర్చుకుంటూ నంబరు కట్టవచ్చని చూపించారాయన. ఇలాంటి కలెక్షన్‌కు నిజానికి అదే బాగా నప్పుతుంది. కానీ చిన్న లైబ్రరీలో రేపు నీ తరువాత వచ్చే మనిషికి కోలన్ వచ్చి ఉండాలి కదా. డ్యూయీలో చిక్కు ఏమిటంటే ఒకే తెగ మీది పుస్తకాలు చెల్లాచెదురైపోతాయి. జనసమూహాలు 305.8లో, ఆచారాలు 390లో, జానపద కథలు 398లో, మన ప్రాంత చరిత్ర 954.84లో. చెంచుల మీది నాలుగు పుస్తకాలు నాలుగు ర్యాకుల్లో పడతాయి. ప్రాంతీయ కలెక్షన్‌లో ఇది కుదరదు. నేనైతే తెగ పేరును ముందు పెట్టి, లోపల విషయాన్ని డ్యూయీ నంబర్లతో పేర్చుకునే సొంత పద్ధతి ఒకటి రాసి పెట్టుకుంటాను. నియమాలు ఒక నోటుబుక్కులో రాసి ఉంచాలి, తలలో ఉంచుకోకూడదు.

కానీ నువ్వు అడగని ఒక సంగతి చెప్పాలి. నంబరు కంటే పేరు ముఖ్యం. మా లైబ్రరీలో పాత కార్డు కేటలాగు ఉండేది, టేకు సొరుగులు. ఒక రోజు ఎరుకల కులపు అబ్బాయి, పీహెచ్‌డీ స్కాలరు, స్టువర్టుపురం మీద చదవడానికి వచ్చాడు. చాలాసేపు సొరుగులు వెతికి నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఎరుకల కింద ఏం లేవు" అన్నాడు. నేను లేచి వెళ్ళి, అలవాటుగా ఇంకో సొరుగు లాగాను. "నేరస్థ తెగలు" అన్న హెడ్డింగు కింద పదకొండు కార్డులు. అతను ఏమీ అనలేదు. కార్డులు ఒక్కొక్కటే తిప్పి నంబర్లు రాసుకున్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేస్తూ తెల్లదొరలు 1871లో చేసిన చట్టం, 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది, 1952 నాటికి దేశమంతటా రద్దయింది. రద్దయి నలభై ఏళ్ళయినా మా సొరుగులో ఆ చట్టం బతికే ఉంది. కార్డు టైపు చేసినవాళ్ళకు దురుద్దేశం ఏమీ లేదు. పుస్తకం పేరులో ఆ మాట ఉంది, చూసి కొట్టేశారు.

ఆ వారం ఆ పదకొండు కార్డులూ నేనే మళ్ళీ టైపు చేశాను. హెడ్డింగు "ఎరుకల" అని మార్చాను. పుస్తకం పేరు మార్చలేం, మార్చకూడదు కూడా. ఆ రోజుల్లో ఏమన్నారో తెలియాలి. పాత హెడ్డింగు చోట ఒకే కార్డు ఉంచి "ఎరుకల, విముక్త జాతులు చూడుడు" అని, చట్టం ఏ ఏడు వచ్చింది, ఏ ఏడు పోయింది అని రాశాను. నువ్వు కేటలాగు చేసేటప్పుడు ప్రతి సమూహానికీ వాళ్ళు తమను తాము పిలుచుకునే పేరు అడిగి తెలుసుకో. గోండులు కోయ్‌తోర్ అంటారు, కొలాములు కొలావర్ అంటారు. ఏ పేరుతో వెతికినా పుస్తకం దొరకాలి. మూడు పేర్లుంటే మూడు ఎంట్రీలు. సాఫ్ట్‌వేర్‌కు ఏం బరువు?

ప్రశ్న: నమస్తే ఆంటీ. మేము డాలస్‌లో ఉంటాం, మాది హన్మకొండ. ఈ రోజుల్లో అంతా ఆన్‌లైన్లో ఉంది కదా, గదులూ ర్యాకులూ ఎందుకు? నేనూ నా ఫ్రెండ్సూ ఫండ్ చేస్తాం. ఉన్నవన్నీ స్కాన్ చేసి ఫ్రీగా నెట్‌లో పెట్టేద్దాం. క్యాసెట్లు కూడా. మా తాతగారి దగ్గర కుల పురాణాలు చెప్పేవాళ్ళ రికార్డింగులు చాలా ఉన్నాయి.

జవాబు: బాబూ, అంతా ఆన్‌లైన్లో లేదు. ఉన్నది అందరికీ తెలిసినది. థర్‌స్టన్ ఉన్నాడు, ఆయన 1935లో పోయారు, మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ళకు కాపీరైటు తీరిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. హైమెన్‌డార్ఫ్ 1995లో పోయారు, 2055 చివరిదాకా ఆయన పుస్తకాలు స్కాన్ చేసి నెట్‌లో పెట్టడం కుదరదు. ఆయన తీసిన ఫొటోలు చాలావరకు లండన్‌లో సోయాస్ యూనివర్సిటీ వాళ్ళు చక్కగా నెట్‌లో పెట్టారు. మార్లవాయి ముసలమ్మ ఒకావిడ తన మేనమామను ఫోన్‌లో చూసి ఏడ్చిందని ఒక స్టూడెంటు నాతో చెప్పాడు. కాబట్టి స్కానింగుకు నేను విరోధిని కాను. మీ డబ్బులు తప్పకుండా పంపండి. మొదట ఉట్నూరు మాస్టారు గారి లైబ్రరీలో పనిచేసే మనిషి మూడో ఏడాది జీతానికి.

క్యాసెట్ల దగ్గర మాత్రం ఆగండి. మీ తాతగారు రికార్డు చేసింది ఎవరిని? డక్కలి వాళ్ళు మాదిగల ఇళ్ళ ముందు జాంబపురాణం చెబుతారు. కూనపులి వాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. గోండులకు పర్ధాన్లు, తోటీలు కీక్రి అనే తీగల వాద్యం వాయిస్తూ పాడతారు. ఏ ఇంటికి వెళ్ళి చెప్పే హక్కు ఎవరిదో తరాల నుంచి పంచుకుని ఉంటారు. అదే వాళ్ళ మిరాసి, అదే వాళ్ళ తిండి. మీరు మొత్తం కథ నెట్‌లో పెట్టేస్తే, "ఫోన్‌లో ఉంది కదా, నువ్వెందుకు?" అనే ఇల్లు ఒకటైనా ఉంటుంది. ఇంకా కొన్ని కొలుపుల దగ్గర తప్ప బయట పాడనివి ఉంటాయి. అవి ఏవో మీకూ నాకూ తెలియవు. పాడినవాళ్ళ పిల్లలకు తెలుసు.

ముందు క్యాసెట్లు డిజిటల్ చేయించండి, ఆలస్యం చేస్తే టేపు అంటుకుపోతుంది. ఒక కాపీ పాడినవాళ్ళ ఇంటికి పంపండి, వెతికి మరీ. వాళ్ళు విన్నాక కూర్చుని అడగండి. నెట్‌లో పెట్టవచ్చా, లైబ్రరీలో కూర్చుని మాత్రమే వినాలా, అసలు వద్దా? చెప్పింది తెలుగులో కాగితం మీద రాసుకుని, వాళ్ళకు చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఫీల్డు నోట్సు కూడా అంతే. ఫలానా ఊళ్ళో ఫలానాయన ఫలానా షావుకారుకు ఎంత బాకీ అని ఉంటుంది, ఆయన మనవడు ఇప్పుడు సర్పంచి అయ్యుంటాడు. అది గూగుల్‌లో రావాలా? లైబ్రరీకి గది, తలుపు, ఆ తలుపు దగ్గర కూర్చునే మనిషి అందుకు కూడా కావాలి.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఆత్మకూరు. మా మామగారు ఫారెస్టులో పనిచేశారు. డెబ్భైలలో ఆయన తీసిన చెంచుల ఫొటోలు రెండు ఆల్బములు ఉన్నాయి. కాగితం పురుగు పట్టింది. ఏం చేయాలి?

జవాబు: ఆల్బమును ఎండలో పెట్టకండమ్మా, నీడలో ఫ్యాను గాలికి రెండు రోజులు తెరిచి ఉంచండి. మెత్తటి బ్రష్షుతో దులపండి. సెల్లో టేపు, లామినేషన్ జోలికి వెళ్ళవద్దు. నల్ల అట్ట నుంచి ఫొటోలు లాగకండి, చిరుగుతాయి. పేజీ పేజీగా ఫోన్‌తోనైనా ఫొటో తీసి పెట్టుకోండి. పాత బీరువా ఖాళీ చేసి తుడిచి, తేమ గోడకు తగలకుండా జరపండి. ఆల్బములను స్టీలు పెట్టెలో పెట్టి మధ్యమధ్య తెరిచి చూస్తుండండి.

మామగారు ఉన్నారో లేదో మీరు రాయలేదు. అత్తగారైనా ఉంటే ఈ వారమే ఆమె పక్కన కూర్చుని, ఫొటోలో ఉన్నవాళ్ళు ఎవరు, ఏ పెంట, ఏ ఏడాది అని అడగండి. ఆమె చెప్పినవన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ఆల్బములో ప్రతి ఫొటో కిందా పెన్సిల్‌తో నంబరు వేసి, అదే నంబరు నోటుబుక్కులోనూ వేయండి. ఆ నోటుబుక్కు కూడా పెట్టెలోనే ఉంచండి.